డోర్ కౌంటీకి ఏ వారం వెళ్లాలి?



డోర్ కౌంటీ వెళ్లొచ్చిన మనవాళ్లని కదిపితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "అబ్బ, ఏం రంగులండీ, ఏం నీళ్లండీ" అంటూ ఫోన్ తీసి ఫొటోలు చూపించడం మొదలుపెడతారు. ఇంకొకరు "ఏముందండీ అక్కడ? పొద్దుటంతా కారు తోలుకుంటూ పోతే సగం హోటళ్లు మూసేసి ఉన్నాయి, చెట్లన్నీ మోడులు, చలిగాలికి కారు దిగబుద్ధి కాలేదు" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఇద్దరూ వెళ్లింది ఒక్క చోటికే. కాకపోతే మొదటివారు వెళ్లింది అక్టోబరు రెండో వారం, రెండోవారు వెళ్లింది నవంబరు మూడో వారం. మధ్యలో ఉన్నది నెల రోజుల పైచిలుకు. ఆ కాస్త వ్యవధిలో అక్కడ అంతా తలకిందులైపోతుంది. అందుకని ఈ ప్రసంగంలో అక్కడ ఏమేం చూడాలన్నదానికంటే ఎప్పుడు వెళ్లాలన్నదే ఎక్కువ మాట్లాడతాను.

ఇండియా నుంచి వచ్చి షికాగోలోనో మిల్వాకీలోనో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ల కోసం ముందు ఆ చోటు ఎక్కడుందో చెప్పాలి. విస్కాన్సిన్ రాష్ట్రం పటం తీస్తే తూర్పు పక్కన మిషిగన్ సరస్సులోకి బొటనవేలు చాచినట్టు ఒక నేలముక్క కనిపిస్తుంది. అదే డోర్ ద్వీపకల్పం. పడమట గ్రీన్ బే అనే అఖాతం, తూర్పున మిషిగన్ సరస్సు. పొడవు 70 మైళ్లకు అటూ ఇటూ. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. తీరం మాత్రం వంపులన్నీ కలిపి 300 మైళ్లంటారు. 11 లైట్‌హౌస్‌లు, 5 స్టేట్ పార్కులు. షికాగో నుంచి మిల్వాకీ మీదుగా ఐ-43 పట్టుకుని గ్రీన్ బే ఊరు చేరి, అక్కడ 57వ నంబరు హైవే ఎక్కితే మొత్తం నాలుగు గంటల్లో స్టర్జన్ బే. కౌంటీకి ముఖ్య పట్టణం అదే. అసలు ఊళ్లు దాని పైన, ఇంకో అరగంట, ముప్పావుగంట దూరంలో ఉంటాయి. మిల్వాకీ వాళ్లకి స్టర్జన్ బే రెండున్నర గంటల ప్రయాణం.

స్టర్జన్ బే దాటగానే రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకి 42, అఖాతం పక్కన. ఎగ్ హార్బర్, ఫిష్ క్రీక్, ఎఫ్రాయిమ్ దాని మీదే వస్తాయి. కుడికి 57, పెద్ద సరస్సు పక్కన. జాక్సన్‌పోర్ట్, బెయిలీస్ హార్బర్ ఆ దారిలో. రెండూ సిస్టర్ బే దగ్గర మళ్లీ కలుస్తాయి. అక్కణ్నుంచి 42 ఒక్కటే కొనదాకా పోతుంది. అఖాతం పక్క సూర్యాస్తమయం, సరస్సు పక్క సూర్యోదయం. రెండింటికీ మధ్య కారులో పావుగంట, ఇరవై నిమిషాలు. ఒకే రోజు రెండూ నీళ్ల మీద చూడొచ్చన్నమాట. అక్టోబరు మధ్యలో సూర్యుడు ఏడింటికి గానీ లేవడు, సాయంత్రం ఆరుంబావుకల్లా దిగిపోతాడు. కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టి పిల్లల్ని హింసించనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఇక్కడి పంచాంగం రాసేది నీళ్లు. మిషిగన్ సరస్సు 307 మైళ్ల పొడవు. బాగా లోతున్న చోట 923 అడుగులు. అన్ని నీళ్లు ఎండాకాలమంతా తాగిన వేడిని ఒక్కసారిగా వదలవు. అందుకే ఉత్తర విస్కాన్సిన్ అడవుల్లో సెప్టెంబరు ఆఖరుకీ అక్టోబరు మొదటికీ రంగులు తిరిగి ఆకులు రాలిపోతుంటే, ఇక్కడ మేపుల్ చెట్లు ఇంకా ఆలోచిస్తూనే ఉంటాయి. మామూలు ఏడాదిలో ఇక్కడ రంగులు పూర్తిగా విచ్చుకునేది అక్టోబరు మధ్యలో. మన కార్తెల లెక్కలో చిత్త కార్తె. మేపుల్ ఎరుపు, బర్చ్ పసుపు, వాటి మధ్య సీడర్ల ముదురు ఆకుపచ్చ, వెనకాల నీళ్ల నీలం. ఆ నీలం ఉండబట్టే ఇక్కడి ఎరుపు అంత ఎరుపుగా కనిపిస్తుందని నా అనుమానం.

చెర్రీలు పండడానికీ కారణం ఈ నీళ్లే. వసంతంలో సరస్సు ఇంకా చల్లగా ఉండి పూతను కాస్త ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యమే పూతను మంచు దెబ్బనుంచి కాపాడుతుంది. మాంట్‌మొరెన్సీ అనే పుల్ల చెర్రీకి ఈ ద్వీపకల్పం పేరుమోసింది. కానీ కోత జులై మధ్య నుంచి ఆగస్టు మొదటిదాకానే. అక్టోబరులో వెళ్లి చెట్టు కింద నిలబడి "పళ్లేవీ?" అంటే లాభం లేదు. అప్పుడు తోటల అంగళ్లలో ఆపిళ్లు, గుమ్మడికాయలు ఉంటాయి. చెర్రీలు గడ్డకట్టించిన పాకెట్లలో, ఎండువాటిలో, జాముల్లో, పైలలో దొరుకుతాయి. గడ్డకట్టించిన పుల్ల చెర్రీ పాకెట్ ఒకటి తెచ్చుకోండి. క్రాన్‌బెర్రీలతో పప్పు వండుకునే చెయ్యి మనది, దీన్నీ వదలదు. కందిపప్పులో వేసి, ఎండుమిర్చీ ఇంగువా తాలింపు పెడితే, చింతకాయ లేని లోటు కొంత తీరుతుంది. రంగు మాత్రం చూసినవాళ్లు బీట్‌రూట్ అనుకుంటారు.

సరే, అక్టోబరు అనుకున్నాం. అక్టోబరులో ఏ రోజులు? ఇక్కడే మన ఇళ్లల్లో గొడవ మొదలవుతుంది.

"ఏమండీ, ఆ శనివారం బతుకమ్మ కదా?"

"అయితే పై శనివారం."

"ఆ రోజు వాళ్లింట్లో బొమ్మల కొలువు. ఆ పైవారం అసోసియేషన్ దీపావళి, మనమ్మాయి డాన్సు ఉంది."

అమెరికాలో మన పండగలన్నీ శని, ఆదివారాలకు జరుగుతాయి కాబట్టి సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు మొదటిదాకా తెలుగువాళ్లకి ఖాళీ వారాంతం ఉండదు. డోర్ కౌంటీలోనూ అదే తీరు. అక్టోబరులో ఎగ్ హార్బర్‌లో గుమ్మడికాయల పండగ, సిస్టర్ బేలో ఫాల్ ఫెస్ట్, రెండూ వారాంతాల్లోనే. రెండో సోమవారం కొలంబస్ డే సెలవు ఉన్నవాళ్లు ఆ మూడు రోజులూ అక్కడే వాలతారు. ఆ రోజుల్లో ఫిష్ క్రీక్‌లో కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. చాలా హోటళ్లు వారాంతంలో ఒక్క రాత్రికి గది ఇవ్వవు. రెండు రాత్రులు తీసుకోవాల్సిందే అంటాయి. దానికితోడు గ్రీన్ బే ఊళ్లో ప్యాకర్స్ ఫుట్‌బాల్ జట్టుంది. సొంతగడ్డ మీద వాళ్ల ఆట ఉన్న ఆదివారం ఆ చుట్టుపక్కల గదుల ధరలు కొండెక్కుతాయి, రోడ్లు ఆకుపచ్చా పసుపూ చొక్కాలతో నిండిపోతాయి. తేదీలు ఖాయం చేసుకునే ముందు మన కేలండర్ ఎలాగూ చూస్తాం. పక్కనే ప్యాకర్స్ ఆటల పట్టిక కూడా పెట్టుకోండి.

నా సలహా అడిగితే వారం మధ్యలో వెళ్లమంటాను. మంగళవారం బయలుదేరి శుక్రవారం వచ్చేయండి. మూడు రాత్రులు. పిల్లల బడి అంటారా? ఒక్క కుటుంబంలోనైనా బడి మానిపించమని రేడియోలో చెప్పకూడదు గానీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్నప్పుడు, పెద్దవాళ్లు మాత్రమే వెళ్లే ప్రయాణంగానైనా పెట్టుకోవచ్చు. వసంతంలో వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ ఉండగలిగే ఆరు నెలలు సరిగ్గా ఈ రోజుల్లోనే తీరిపోతుంటాయి. తిరుగు విమానానికి ముందు పెట్టుకునే ప్రయాణాల్లో షాపింగ్ మాల్‌కంటే ఇది ఎంతో నయం. ఇంకో సంగతి, రంగులు ఏటా ఒకే తేదీకి రావు. విస్కాన్సిన్ పర్యాటక శాఖ కౌంటీలవారీగా రంగుల నివేదిక ఇస్తుంది. గది బుక్ చేసేది వేసవిలోనే అయినా, రద్దు చేసుకునే వీలున్న గది తీసుకుని, బయలుదేరే ముందు ఆ నివేదిక చూసుకుంటే మంచిది.

ఉండడానికి ఏ పక్క బాగుంటుంది? అఖాతం పక్కనైతే ఊళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, తిండికీ కొట్లకీ ఇబ్బంది లేదు. పెద్ద సరస్సు పక్క నిశ్శబ్దం. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి అఖాతం పక్కే మేలంటాను. వాటిలో ఎఫ్రాయిమ్ నాకు నచ్చిన ఊరు. 1853లో మొరావియన్ క్రైస్తవులు కట్టుకున్న ఊరు అది. తెల్లటి చర్చీలు, తెల్లటి ఇళ్లు, ఎదురుగా అఖాతం. 2016లో ఓట్లేసి మార్చుకునేదాకా ఊళ్లో మద్యం అమ్మకమే లేదు. విల్సన్స్ అనే ఐస్‌క్రీమ్ కొట్టు 1906 నుంచి ఉంది. మనవాళ్లు మాత్రం హోటల్ గది కంటే వంటిల్లున్న అద్దె ఇల్లే చూసుకోండి. కుక్కరూ, పులిహోర పేస్టూ, ఆవకాయ సీసా డిక్కీలో పడేస్తే రాత్రి భోజనం బెంగ తీరుతుంది. అక్కడ హోటళ్లు చీకటి పడగానే కట్టేసే రకం. సెప్టెంబరు దాటితే మరీను.

అక్కడ మొదట వెళ్లాల్సింది పెనిన్సులా స్టేట్ పార్కుకి. 1909లో ఏర్పడిన పార్కు. స్టేట్ పార్కుల్లోకి కారుకి స్టిక్కర్ కొనాలి. ఇల్లినాయ్ నంబరు ప్లేటుకి విస్కాన్సిన్ వాళ్లకంటే ఎక్కువ పడుతుంది. లోపల ఈగిల్ టవర్ అని ఎత్తైన చెక్క బురుజు ఉంది. పాతది పుచ్చిపోయిందని 2015లో మూసేసి, 2021లో కొత్తది తెరిచారు. కొత్తదానికి మెట్లతోపాటు 850 అడుగుల పొడవున వాలుబాట కట్టారు. చెట్ల మధ్యనుంచి మలుపులు తిరుగుతూ, ఎక్కుతున్నామన్న సంగతి మోకాళ్లకి తెలియనివ్వకుండా పైకి తీసుకుపోతుంది. వీల్‌చెయిరూ పోతుంది, చంటిపిల్లల బండీ పోతుంది. మొదట కాండాల పక్కన నడుస్తాం, కాసేపటికి కొమ్మల మధ్యకొస్తాం, ఆ తర్వాత ఆకుల పైకి తేలతాం. అక్టోబరులో ఆ మధ్య భాగంలో ఆగండి. చుట్టూ మేపుల్ ఆకులు చేతికందే దూరంలో ఉంటాయి, ఎండ వాటిలోంచి దిగి అందరి మొహాలూ ఎర్రగా కనిపిస్తుంటాయి. "నేను కిందే కూర్చుంటాలే, మీరు వెళ్లిరండి" అనే అత్తయ్యగార్లు అమెరికాలో పైదాకా ఎక్కి చూడగలిగిన వాటిలో ఇది ఒకటి. పైన నిలబడితే కింద ఎఫ్రాయిమ్, అఖాతం, దీవులు.

అటు తూర్పు తీరంలో కేవ్ పాయింట్. ఇది కౌంటీ పార్కు, టికెట్ లేదు. సున్నపురాయి గట్టు బల్లపరుపుగా నీళ్ల అంచుదాకా వచ్చి ఠక్కున ఆగిపోతుంది. కింద అలలు ఏళ్ల తరబడి తొలిచిన గుహలున్నాయి. తూర్పు గాలి ఉన్న రోజు ఆ గట్టు మీద నిలబడితే ముందు అరికాళ్ల కింద దడ్ మని చప్పుడు, ఆ తర్వాత నీళ్లు పైకి ఎగజిమ్మడం. చప్పుడు ముందు, నీళ్లు తర్వాత. గట్టుకి రెయిలింగ్ లేదు, పిల్లల చెయ్యి వదలకండి. కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అక్కడ చాలాసేపు ముక్కు ఎగబీల్చి, "అలలున్నాయి, అవతలి ఒడ్డు లేదు, మరి సముద్రం వాసన ఏదమ్మా?" అని కూతుర్ని నిలదీశారు. మంచినీళ్ల సరస్సని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నమ్మలేదు. దోసిట్లో పట్టి రుచి చూశాకే ఒప్పుకున్నారు.

ఆ గట్టు గురించి ఒక్కమాట. నయాగరా జలపాతం చూడని తెలుగు అమ్మానాన్నలు అమెరికా నుంచి తిరిగి వెళ్లరు కదా. ఆ జలపాతం ఏ రాతి అంచు మీదనుంచి దూకుతుందో, ఆ అంచే కెనడాలోని ఒంటారియో మీదుగా, ఉత్తర మిషిగన్ మీదుగా వంపు తిరుగుతూ వచ్చి ఇక్కడ ఈ ద్వీపకల్పానికి వెన్నెముక అయింది. 40 కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. అక్కడ దాని మీదనుంచి నది దూకుతుంది, ఇక్కడ దాన్ని సరస్సు కొడుతుంది.

ఇంక ఫిష్ బాయిల్. శాకాహారులైనా సరే, దూరం నుంచి చూడండి. మాంసాహారులైతే తప్పకుండా కూర్చుని తినండి. ఆరుబయట కట్టెల మంట మీద పెద్ద కాగు. సలసల మరిగే నీళ్లలో డబ్బాల కొద్దీ ఉప్పు. ముందు చిన్న బంగాళదుంపలు, తర్వాత ఉల్లిపాయలు, చివర వైట్‌ఫిష్ ముక్కలు ఒక జల్లెడ బుట్టలో దించుతారు. మసాలా లేదు, పసుపు లేదు, మిరపకాయ ఊసే లేదు. ఉడికేకొద్దీ చేపనూనె తెట్టుగా పైకి తేలుతుంది. అప్పుడు వంటాయన అందర్నీ వెనక్కి జరగమని, మంట మీదికి కిరసనాయిలు ఒక్క విసురు విసురుతాడు. మంట మనిషిని మించి లేస్తుంది. కాగు ఒక్కసారిగా పొంగి, తెట్టు మొత్తం అంచుల మీదుగా పొర్లి, మంటనే ఆర్పేస్తుంది. చూసేవాళ్లకి తమాషా గానీ, దాని పని చేపనూనె వాసన పోగొట్టడం. ఇద్దరు మనుషులు కర్ర దూర్చి బుట్ట పైకి తీస్తారు. కరిగించిన వెన్న పోసి, నిమ్మకాయ పిండి పెడతారు. ముళ్లు ఎలా తీయాలో వడ్డించేవాళ్లే చూపిస్తారు. గోదావరి జిల్లాలవాళ్లకి ఆ పాఠం అక్కర్లేదనుకోండి. మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. మూడో ముద్దకి చేప రుచి తెలుస్తుంది. అప్పటికీ కాకపోతే ఆవకాయ సీసా ఉండనే ఉంది. ఈ వంట చాలాచోట్ల అక్టోబరు ఆఖరుతో సరి.

సిస్టర్ బేలో ఆల్ జాన్సన్స్ అనే స్వీడిష్ హోటల్ గడ్డి కప్పు మీద మేకలు మేస్తుంటాయి. పిల్లలకి అది చాలు, మిగతా ద్వీపకల్పం లేకపోయినా ఫర్వాలేదు. అయితే ఆ మేకలకీ కేలండర్ ఉంది. వేసవి మొదట్లో ఎక్కి, అక్టోబరు మధ్యకల్లా దిగిపోతాయి. మేకల్ని చూపిస్తానని పిల్లలకి మాటిచ్చి నవంబరులో తీసుకెళ్లకండి.

42వ నంబరు హైవే చివర, నార్త్‌పోర్ట్ రేవుకి ముందు, రోడ్డు మెలికలు తిరుగుతుంది. అందరి ఫోన్లలో కనిపించే ఫొటో అదే. ఆ ఫొటో కోసం జనం నడిరోడ్డు మీద నిలబడతారు, ఎదురుగా ఫెర్రీకి టైమైపోతోందని కార్లు వస్తుంటాయి. పక్కన నిలబడి తీసినా రంగులు అవే వస్తాయి. అక్కణ్నుంచి అరగంట ఫెర్రీ ప్రయాణంలో వాషింగ్టన్ ఐలాండ్. 1870 నుంచి ఐస్‌లాండ్ వలసదారులు స్థిరపడిన దీవి. అక్కడ స్కూల్‌హౌస్ బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ నున్నటి గుండ్రాళ్లే. దేవుడి గూట్లో పెట్టుకుందామని ఒక్కటి కూడా జేబులో వేసుకోకండి, జరిమానా వేస్తారు. దారిలో దాటే జలసంధి పేరు డెత్స్ డోర్. ఎన్నో ఓడల్ని మింగిన నీళ్లు అవి.

వెళ్లేటప్పుడు 57 మీద గ్రీన్ బేకీ స్టర్జన్ బేకీ మధ్య ఒక చిన్న పార్కు కనిపిస్తుంది, టోర్నడో మెమోరియల్ పార్కని. 1871 అక్టోబరు 8 రాత్రి, షికాగో తగలబడిన రాత్రే, ఈ ప్రాంతంలో అంతకంటే ఘోరమైన కార్చిచ్చు సుడిగాలిలా రేగింది. అఖాతానికి అవతల పెష్టిగో పట్టణం బూడిదైంది. ఇవతల ఈ పార్కున్న చోట విలియమ్సన్‌విల్ అనే ఊరు ఉండేది. 77 మందిలో 60 మంది పోయారు. చుట్టుపక్కల బెల్జియం వలసదారుల పొలాల్లో ఇప్పుడు కనిపించే ఎర్ర ఇటుకల ఇళ్లు చాలావరకు ఆ మంటల తర్వాత కట్టుకున్నవే. చెక్కమీద నమ్మకం పోయింది వాళ్లకి.

నవంబరు సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే థాంక్స్‌గివింగ్‌కి నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది, అందరికీ ఆశ పుడుతుంది. వెచ్చటి సరస్సు మీదికి ఉత్తరాన్నుంచి చలిగాలి దిగే నెల అది. తుఫానులు లేచేది అప్పుడే. 1912 నవంబరు 23న రౌస్ సిమ్మన్స్ అనే తెరచాప ఓడ, ఉత్తర మిషిగన్ నుంచి షికాగోకి క్రిస్మస్ చెట్లు వేసుకుని వస్తూ, టూ రివర్స్ ఊరికి ఎదురుగా మునిగిపోయింది. ఓడలో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. కెప్టెన్ హెర్మన్ షూనమన్ ఏటా షికాగో నదిలో ఓడ కట్టేసి, డెక్ మీదనుంచే చెట్లు అమ్మేవాడు. ఆయన పోయాక భార్య, కూతుళ్లు ఆ అమ్మకం సాగించారు. 1971లో ఓడ సరస్సు అడుగున దొరికింది, అందులో చెట్లతో సహా. ఇప్పుడు ప్రతి డిసెంబరూ కోస్ట్ గార్డ్ వాళ్ల మాకినా ఓడ షికాగో నేవీ పియర్‌కి పేద కుటుంబాల కోసం చెట్లు తెస్తుంది. షికాగో శ్రోతలు పిల్లల్ని తీసుకెళ్లి చూడొచ్చు.

నవంబరుకి ఇంకో చిక్కు కూడా ఉంది. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం నుంచి 9 రోజులు విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకల వేట. స్టేట్ పార్కుల్లోనూ కొన్ని భాగాల్లో అనుమతి ఉంటుంది. నడకకి వెళ్తే నారింజరంగు జాకెట్ వేసుకోండి. ఆ రోజుల్లో చీకటి వేళ జింకలు రోడ్డుకడ్డంగా దూకుతుంటాయి, 42 మీద నెమ్మదిగా తోలండి. రంగులు రాలిపోయి, మంచు ఇంకా కురవక, కొట్లు సగం మూసేసిన ఈ రోజుల్లో పర్యాటకుడికి అక్కడ పెద్దగా పనిలేదు. స్పష్టంగా చెప్తున్నాను, థాంక్స్‌గివింగ్‌కి వద్దు.

క్రిస్మస్ సెలవుల లెక్క వేరు. మంచు పడుతుంది, ఊళ్లలో దీపాలు పెడతారు. అయితే అది చూడడానికి వెళ్లే ప్రయాణం కాదు, కూర్చోవడానికి వెళ్లే ప్రయాణం. పొయ్యి ఉన్న ఇల్లు, నలుగురు చుట్టాలు, క్యారమ్ బోర్డు, వేడివేడి మిరపకాయ బజ్జీలు. సాయంత్రం నాలుగుంబావుకల్లా సూర్యుడు మునిగిపోతాడు, ఆ తర్వాత చేయగలిగింది అదే. పగటిపూట కేవ్ పాయింట్‌కి వెళ్తే అలలు ఎగజిమ్మిన నీళ్లు చెట్ల మీదే గడ్డకట్టి కొమ్మలు గాజులా వేలాడుతుంటాయి. గట్టు మీద మాత్రం అడుగు జాగ్రత్త. న్యూపోర్ట్ స్టేట్ పార్కు 2017లో డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. వెన్నెల లేని రాత్రి, మబ్బు లేకపోతే, మన ఊళ్లలో డాబాల మీద పడుకుని చిన్నప్పుడు చూసినన్ని చుక్కలు అక్కడ ఉంటాయి. ఓడల్ని సరస్సు నుంచి సరస్సుకి దాటించే సూ లాక్స్‌ని జనవరి 15న మూసేస్తారు కాబట్టి సరస్సుల మీద తిరిగే భారీ సరుకు ఓడలు ఆ రోజుల్లో మరమ్మతుల కోసం స్టర్జన్ బే ఓడల యార్డుకి చేరతాయి. కొన్ని వెయ్యి అడుగుల పొడవుంటాయి. ఊరి మధ్యలో, వంతెన పక్కన అంత ఓడ నిలబడి ఉండడం చూస్తే మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా నోట మాట రాదు. జనవరి 1 మధ్యాహ్నం జాక్సన్‌పోర్ట్‌లో జనం గుంపులుగా మిషిగన్ సరస్సులో దూకుతారు. గోదావరిలో తెల్లవారుజామున కార్తీక స్నానాలు చేసిన ధైర్యంతో దూకకండి, ఇది ఆ చలి కాదు. ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టండి.

శీతాకాలంలో ఫెర్రీ నడుస్తుంది గానీ రోజుకి తక్కువ సార్లే. కారు ఎక్కించాలంటే ముందే చెప్పుకోవాలి. హోటళ్లు, కొట్లు "ఏడాదంతా తెరిచే ఉంటాం" అని రాసుకున్నా, వారంలో ఏ రోజులన్నది ఫోన్ చేసి అడగండి. అద్దె ఇంటివాళ్లని రెండు ప్రశ్నలు అడగడం మరవకండి. వాకిట్లో మంచు ఎవరు తీస్తారు? పొయ్యికి కట్టెలు వాళ్లిస్తారా, మనం తెచ్చుకోవాలా? గ్యాస్ బంకు, మందుల షాపు పనులు స్టర్జన్ బేలోనే చూసుకుని పైకి పోండి.

చివరిగా నా తీర్పు. జీవితంలో ఒక్కసారే వెళ్తామనుకుంటే అక్టోబరు రెండో వారం, మంగళవారం నుంచి శుక్రవారం దాకా, ఎఫ్రాయిమ్‌లోనో సిస్టర్ బేలోనో దిగండి. రెండోసారి వెళ్తామనుకుంటే క్రిస్మస్‌కి, నాలుగు కుటుంబాలు కలిసి. ఆ అక్టోబరు గదులు వేసవిలోనే అయిపోతుంటాయి, కాబట్టి ఈ ఏటికి ఆలస్యమైందనిపిస్తే కంగారుపడి నవంబరు గది మాత్రం తీసుకోకండి, వచ్చే ఏటికి రాసిపెట్టుకోండి.